అమ్మ సమాధి మీద లేని పేరు

మిరపకోతలకు వలస వచ్చి గుంటూరు పల్లెల్లోనే ఉండిపోయిన క్రైస్తవ కూలీల చరిత్ర మీద పరిశోధన చేస్తున్నాను. కాగితాల్లో వాళ్ళు కనిపించరు. అందుకే సమాధుల తోటలు తిరిగాను. పాత రాళ్ళ మీద సిలువ, బాప్తిస్మం పేరు, వదిలొచ్చిన ఊరు ఉంటాయి. తర్వాతివి చాలావరకు ఖాళీ. క్రైస్తవంలోకి మారితే ఎస్సీ హోదా ఉండదన్న నిబంధనకు భయపడి రాయించడం మానేశారని థీసిస్‌లో ఒక అధ్యాయం రాశాను.

మా గైడు ఆ అధ్యాయాన్ని నా ముందు పడేశాడు. "కూలోళ్ళమ్మా, చెక్కించే స్తోమత లేక వదిలేసుంటారు. భయమంటున్నావు, ఆధారమేది? మీ వాళ్ళ మీద ప్రేమ వేరు, చరిత్ర వేరు."

గదిలో ఇంకో ఇద్దరు నవ్వారు. ఎవరెవరో నాకిప్పటికీ గుర్తే. 'మీ వాళ్ళు' అన్న మాటనైతే చచ్చినా మరిచిపోను.

మా అమ్మ కూడా పడమటి మెట్ట నుంచి అలా కోతలకు వచ్చిన మనిషే. చేలోంచి వచ్చాక మమ్మల్ని వేళ్ళతో తాకేది కాదు, మండుతుందని. మోచేతులతో దగ్గరికి లాక్కునేది. పోయేముందు ఒక్కటే అడిగింది.

"చర్చిలో పెట్టిన పేరు రాయించు తల్లీ. తీర్పు దినాన దేవుడు రేషన్ కార్డులో పేరుతో పిలిస్తే నేనెట్టా లేస్తా?"

తమ్ముడు ప్రభుత్వ బళ్ళో టీచరు. హిందువులమని రాయించి తెచ్చుకున్న ఎస్సీ సర్టిఫికెట్ మీద వచ్చిన ఉద్యోగం. సిమెంటు దిమ్మె కట్టించాడు. సిలువ లేదు, పేరు లేదు.

మొన్న సమాధుల పండగకు సున్నం కొట్టడానికి ఇద్దరం వెళ్ళాం. తడి ఆరాక నేను బొగ్గుతో అమ్మ చర్చి పేరు రాశాను.

"ఏంటక్కా ఇది? ఎవడన్నా ఫోటో తీసి పైకి పంపితే నా ఉద్యోగం పోద్ది. పిల్లల్ని నువ్వు సాకుతావా?"

"అమ్మ అడిగిందిరా."

"నేనూ విన్నాలే."

బ్రష్ సున్నంలో ముంచి పేరు మీద పూశాడు. బొగ్గు ఒక పట్టాన పోలేదు. ముక్కు ఎగబీల్చుకుంటూ మళ్ళీ పూశాడు.

గైడు అడిగిన ఆధారం నా కళ్ళెదుటే ఉంది. చూపిస్తే తమ్ముడి బతుకు పోతుంది.

కొవ్వొత్తి వెలిగిస్తుంటే, పక్క సమాధికి పూలు తెచ్చిన పొరుగూరి ఆవిడ అడిగింది.

"ఎవరిదమ్మా ఇది?"

"మా అమ్మది."

"అయ్యో. పేరేంటమ్మా?"

తమ్ముడు నా వంక చూశాడు.

రేషన్ కార్డులో పేరే చెప్పాను.