ఆగకూడని రక్తనిధి సర్వరు

రెండువేల దశకం మధ్యలో, పంచాయతీ ఎన్నికల ముందు వేసవిలో, ప్రొద్దుటూరులోని ఒక ట్రస్టు ఆసుపత్రిలో కంప్యూటర్ విభాగం ఇన్‌ఛార్జిగా చేరాను. ఏ గ్రూపు రక్తం ఎక్కడ నిల్వ ఉందో చూపే వెబ్ అప్లికేషన్ మా సొంత సర్వరు మీదే నడిచేది. జమ్మలమడుగు, పులివెందుల ఆసుపత్రులవాళ్లూ దాన్నే చూసేవాళ్లు. దాన్ని ఆగకుండా నడపడం నా పని.

ఒకరోజు పొద్దున్నే ముద్దనూరు వైపు ఒక పల్లెలో రెండు పార్టీలవాళ్లు కొడవళ్లతో కొట్టుకున్నారు. గాయపడిన ఒక వర్గం మనిషిని మా దగ్గరికి తెచ్చారు, రెండో వర్గం మనిషిని జమ్మలమడుగుకు తీసుకెళ్లారు. మధ్యాహ్నం జమ్మలమడుగు ల్యాబ్ టెక్నీషియన్ మస్తాన్ ఫోన్ చేశాడు.

"సార్, పేజీ తెరుచుకోల్యా. ఈడ మనిషికి ఓ నెగటివ్ కావల్ల. యాడుందో తెలీడంల్యా."

చూస్తే డిస్కు నిండిపోయింది. సర్వరు తన పనిని తానే నమోదు చేసుకునే లాగ్ ఫైళ్లు పేరుకుపోయి డేటాబేస్ ఆగిపోయింది. పాతవాటిని వేరే డిస్కుకు మారుస్తుండగా, మా దగ్గరున్న క్షతగాత్రుడి అన్న ఓబులేసు సర్వరు గదిలోకొచ్చి తలుపు మూశాడు. మస్తాన్‌తో ఫోన్‌లో నా మాటలు అతను వరండాలోంచి విన్నట్టున్నాడు.

"చెడిపోయిండాది గదప్పా, అట్లే ఉండనీ. ఆడ పండుకోనుండేటోడే మా తమ్ముణ్ణి నరికినాడు."

భయమేసింది. అతని చొక్కా కింద ఏముందో చూడదలచుకోలేదు.

"ఓబులేసూ, నీ తమ్మునికి ఎక్కుతాండే రక్తం జమ్మలమడుగుదే. పొద్దున దీంట్లో చూసే తెప్పించినాం. సాయంత్రం ఇంకా కావాలంటే యాడ చూడమంటావు?"

అతను తలుపు తీసి, "కానీలేప్పా" అని వెళ్లిపోయాడు.

పాత ఫైళ్లు మార్చడం అయ్యాక అప్లికేషన్ మళ్లీ నడిచింది. కావలసిన రక్తం పులివెందులలో ఉన్నట్టు మస్తాన్‌కు కనిపించింది. ఐసుపెట్టెలో జీపు మీద తెప్పించుకున్నారు. ఆ మనిషి బతికాడు. ఓబులేసు తమ్ముడూ బతికాడు గానీ కుడిచెయ్యి పోయింది.

తర్వాత లాగ్‌లకు వేరే డిస్కు పెట్టి, పాతవి వాటంతటవే చెరిగిపోయేలా చేశాను. పులివెందులలో రెండో సర్వరు పెట్టించి, ఇక్కడిది ఆగితే అది పని అందుకునేలా అమర్చాను. అప్పటిదాకా కరెంటు, డిస్కు, కేబులు చెడితే ఏం చేయాలనే ఆలోచించేవాణ్ణి. ఒక గది తలుపు మూసి ఒక మనిషి ఆపగలిగే వ్యవస్థ, యంత్రాలన్నీ బాగున్నా, నమ్మదగినది కాదని ఆ రోజు తెలిసింది.