పోటీ రోజు నీళ్లు తాగే మనిషి

తౌనో హక్కల గారికి ఒకే ఒక్క చెడ్డ అలవాటు ఉంది. ఆయన నీళ్లు తాగుతారు.

ఇందులో చెడ్డతనం ఏముందని మీరు అనుకోవచ్చు. కండల పోటీలకు వెళ్లేవాళ్లను అడగండి, చెబుతారు. పోటీ దగ్గరపడే కొద్దీ వాళ్లు నీళ్లను శత్రువులా చూస్తారు. చర్మం కింద తడి ఆరిపోయి, ఏ కండకు ఆ కండ విడిగా కనిపించాలన్నది వాళ్ల తపస్సు. ముందురోజు నుంచి గుక్కగుక్కకీ లెక్కే. పెదవులు పగిలి, కళ్లు లోపలికి పోయి, పక్కన ఎవరైనా సీసా మూత తిప్పితే ఆ చప్పుడుకే ఉలిక్కిపడే స్థితిలో ఉంటారు. అలాంటివాళ్ల నట్టనడుమ, పోటీ రోజు పొద్దున, బరువు తూచే గది ముందు నిలబడి మా తౌనో గారు జగ్గెత్తి గటగటా తాగేవారు. ఒక్కో గుక్కా దిగుతుంటే చుట్టూ నిలబడ్డవాళ్ల గొంతులన్నీ ఆయన గొంతుతో పాటే కదిలేవి. ఒకసారి ఒక కుర్రాడు భరించలేక గోడవైపు తిరిగిపోయాడు.

ఆయన కెనడాలోని థండర్ బే నగరంలో మంచు తోసే బండి నడిపి రిటైరైన మనిషి. అరవై దాటాక కూడా భుజాలు చూస్తే ఆ బండిని నడిపారా, మోశారా అని అనుమానం వచ్చేది. పీనా బోర్తోలిన్ గారి జిమ్ముకు రోజూ వచ్చేవారు. సాయంత్రాలు అక్కడ కౌంటర్ దగ్గర కూర్చుని, వచ్చినవాళ్లకు తువ్వాళ్లు ఇస్తూ, మిగతా సమయంలో చదువుకోవడం నా ఉద్యోగం. జిమ్ము నేలమాళిగలో ఉండేది. సరిగ్గా దాని నెత్తిన రొట్టెల దుకాణం. పోటీల కోసం తిండి మానేసిన పహిల్వానులు ఇనుప గుండ్లు ఎత్తుతూ, పైనుంచి దిగే దాల్చినచెక్క వాసన పీలుస్తూ కన్నీళ్లు పెట్టుకోవడం నేను కళ్లారా చూశాను.

తౌనో గారు ఏటా పోటీకి వెళ్లేవారు, ఏటా ఓడిపోయేవారు. మర్నాడు జిమ్ములోకి అడుగుపెట్టడమే ఊరేగింపులా ఉండేది.

"రెండో బహుమతి!" అని మెట్ల మీదనుంచే కేక వేసేవారు.

"ఇద్దరే నిలబడ్డ చోట రెండోవాడివయ్యా నువ్వు!" అని లోపలినుంచి పీనా అరిచేది.

"అవును, చాలా గట్టి పోటీ."

"అది పోటీ కాదు, నీకు జబ్బు. తేలిక వర్గంలో దర్జాగా నిలబడాల్సినవాడివి, నీళ్లు తాగి తాగి పై వర్గంలో పడతావు. అక్కడికి వెళ్లేసరికి పొట్ట పొంగి ఉంటుంది. గెలుస్తానేమోనని భయమా నీకు?"

"దాహం పీనా, దాహం," అనేవారాయన, ఎంతో వినయంగా.

నీళ్ల దగ్గరే ఆగిపోతే బాగుండేది. స్టేజీ మీద దీపాల వెలుగులో కండలు కనబడాలంటే ఒంటికి ముదురు గోధుమరంగు పూసుకోవాలి. ఒక ఏడాది పోటీ ఆదివారం వచ్చింది. శనివారం మధ్యాహ్నమే పీనా ఆయనకు తల నుంచి పాదాల దాకా రంగు పూసి, "ఇక తడి తగలకూడదు" అని ఒట్టు వేయించుకుని పంపింది. అయితే శనివారం సాయంత్రం తౌనో గారిలాంటి ఫిన్లాండు వాళ్ల ఇళ్లలో ఆవిరి గదిలో కూర్చోకుండా ఎవరూ నిద్రపోరు. ఆయన పుట్టిన దగ్గర్నుంచీ ఉన్న అలవాటు. ఒంటిమీద రంగుందన్న సంగతే మరిచి నేరుగా లోపలికి వెళ్లి, వేడి రాళ్లమీద నీళ్లు చిలకరించుకుని, హాయిగా చెమటలు పట్టించుకుని బయటికొచ్చారు. భార్య ఐలీ గారు ఆయన్ని ఎగాదిగా చూశారు.

"తౌనో, గుమ్మంలో చారల గుర్రం నిలబడింది. నువ్వు గనక చూస్తే లోపలికి రానివ్వకు," అన్నారు.

ఆ ఏడాది కూడా రెండో బహుమతే వచ్చింది. చారల సంగతి ఎవరడిగినా, "న్యాయనిర్ణేతలు నన్ను మాత్రం మరిచిపోలేరు," అని ఛాతీ విరిచేవారు.

ఇక నేను చెప్పదలుచుకున్నది కిందటి వసంతం సంగతి.

ఆ ఏడు తౌనో గారి ఒళ్లు ఎన్నడూ లేనంతగా కండలు తిరిగింది. తొడల మీద గీతలు తేలాయి. వీపు తలుపులా విచ్చుకుంది. పెద్ద వయసువాళ్ల తేలిక వర్గంలో ఏటా గెలిచే మనిషి వేరే ఊరికి వెళ్లిపోయాడని కబురు కూడా వచ్చింది. పీనా జిమ్ము పెట్టిన దగ్గర్నుంచి అక్కడినుంచి ఒక్కరూ మొదటి బహుమతి తెచ్చింది లేదు. ఆవిడ దానికోసం గోడకు మేకు కొట్టి ఎప్పుడో సిద్ధంగా ఉంచింది. దానికి ప్రస్తుతం ఆవిడ గొడుగు వేలాడుతోంది.

"ఈసారి గొడుగు దించుతావా, లేదా?" అని అడిగింది పీనా.

తౌనో గారు నవ్వలేదు. అద్దంలో తనను తాను చాలాసేపు చూసుకున్నారు. "నాకూ కావాలనే ఉంది పీనా," అన్నారు మెల్లగా. ఆ మనిషి నోట అలాంటి మాట వినడం అదే మొదలు.

పోటీ రోజు పొద్దున పీనా నా భుజం పట్టుకుంది. "ఇవాళ నీకు ఒక్కటే పని. ఆయన నోట్లోకి నీటిచుక్క పోకూడదు. పుస్తకం ఇంట్లో పెట్టి రా." నేను వెళ్లాను. పుస్తకం మాత్రం సంచిలో అడుగున పెట్టుకున్నాను.

తూకం సాఫీగా జరిగింది. డెబ్బై ఐదు కిలోల లోపు తేలిక వర్గం, ఆపైన బరువు వర్గం. తౌనో గారు గీతకు కాస్త కింద తూగారు. ఆ వర్గంలో మరో ఆరుగురున్నారు. పీనా వాళ్ల చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి వచ్చి, నా చెవిలో "ఒక్కడికీ తొడల్లేవు," అని గుసగుసలాడి, రంగు డబ్బా తేవడానికి కారు దగ్గరకు పరిగెత్తింది.

అప్పుడే తూకం బల్ల దగ్గర ఓరెస్ట్ ఫెడోరుక్ అనే పెద్దాయన నిలబడి ఉన్నాడు. ధాన్యపు గోదాముల్లో పనిచేసి మానేసిన మనిషి. అదే మొదటి పోటీ. ఆయన వెనక భార్య, కూతుళ్లు, అల్లుళ్లు, మనవలు, అందరూ ఆయన బొమ్మ అచ్చేయించిన చొక్కాలు వేసుకుని బారులు తీరారు. అన్ని చొక్కాల మీదా ఆయన కండలు చూపిస్తూ నవ్వుతున్నాడు. అసలు మనిషి ముఖంలో మాత్రం నవ్వు లేదు.

"పై వర్గంలో మీరొక్కరేనండీ," అని బల్ల దగ్గరి ఆవిడ చెబుతోంది. "పోల్చి చూడటానికి పక్కన ఎవరూ లేరు కాబట్టి భంగిమలవీ అక్కర్లేదు. అలా నడిచొచ్చి బహుమతి పుచ్చుకుని వెళ్లిపోవచ్చు."

"అంటే నేను ఎవర్ని గెలిచినట్టు?"

"ఎవర్నీ కాదనుకోండి. కానీ మొదటి బహుమతి మీదే."

ఓరెస్ట్ వెనక్కి తిరిగి ఆ చొక్కాలన్నిటినీ చూశాడు. "ఇంత దూరం తీసుకొచ్చాను వీళ్లని," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

నా పక్కన తువ్వాలు కప్పుకుని కూర్చున్న తౌనో గారు లేచి నిలబడ్డారు. ఓరెస్ట్ వైపు ఒకసారి చూశారు. ఒక్క నిట్టూర్పు విడిచారు.

"అమ్మాయ్, ఆ జగ్గు ఇలా ఇయ్యి."

"పీనా గారు నన్ను చంపేస్తారండీ!"

"నిన్నెందుకు చంపుతుంది, నేనుండగా? నువ్వు పుస్తకం చదువుకో."

నేను పుస్తకం తీశాను. ఆ క్షణంలో ఆ పేజీ మహా ఆసక్తిగా అనిపించింది. పక్కనుంచి గటగటా చప్పుడు. జగ్గు ఖాళీ అయింది. పోటీ ముగిశాక తినమని ఐలీ గారు కట్టిచ్చిన పల్చటి అట్లు, స్ట్రాబెర్రీ జాముతో సహా లోపలికి వెళ్లాయి. తూకం ఎక్కారు. చాల్లేదు. మళ్లీ జగ్గు. ఒంటిని ఎండబెట్టుకున్న ఆరుగురూ గుడ్లప్పగించి చూస్తున్నారు. బల్ల ఎత్తేసే వేళకు ఆయన మళ్లీ తూకమెక్కి ఊపిరి బిగపట్టారు, గాలి కూడా బరువు కలుస్తుందన్నట్టు. ముల్లు గీత దాటింది.

పీనా రంగు డబ్బాతో వచ్చేసరికి ఆయన పేరు పై వర్గంలోకి మారిపోయింది.

"ఏం చేశావు తౌనో?"

"దాహమేసింది."

"నెలల తరబడి నీకు కోడిమాంసం తూచి తూచి పెట్టానయ్యా!"

"చాలా రుచిగా ఉంది."

"ఏడేళ్లుగా చూస్తున్నాను, ఇవాళ మాత్రం నీది ఖాయమయ్యా! ఆ బహుమతి నిన్ను పేరు పెట్టి పిలుస్తోంది!"

"పిలిస్తే ఎవరో ఒకరు పలుకుతారులే. అక్కడ ఆరుగురున్నారు. ఇక్కడ ఆయనొక్కడే."

పీనా డబ్బా నా చేతిలో కుక్కి, విసవిసా హాల్లోకి వెళ్లి ఐలీ గారి పక్కన కూలబడింది. "మీ ఆయనకు పిచ్చి," అంది.

"నాకు తెలుసు," అన్నారు ఐలీ గారు అల్లిక ఆపకుండా. "ఆయనకు ఒకసారి మొదటి బహుమతి వచ్చింది. నీకు తెలుసా?"

"ఎప్పుడు?"

"నీ జిమ్ముకు రాకముందు. ఒక్కడే నిలబడ్డాడు. జనం మర్యాదకు చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి ఆ కప్పు షెడ్డులో పెట్టాడు, ఇప్పుడు అందులో మేకులున్నాయి. రెండు రోజులు మాట్లాడలేదు. తర్వాత ఒకటే మాట అన్నాడు, పక్కన ఒక్కడుంటే ఎంత బాగుండేది ఐలీ, అని. అప్పటినుంచే ఈ నీళ్లు."

పీనా ఆవిడ వైపు తిరిగింది. "ఇన్నేళ్లుగానా? మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అరిచావు గానీ, ఎప్పుడూ అడగలేదు."

స్టేజీ మీద దీపాలు వెలిగాయి. ఇద్దరినీ పిలిచారు. ఓరెస్ట్ మాటిమాటికీ చొక్కాల వరుస వైపే చూస్తున్నాడు. తౌనో గారి పొట్ట డోలులా ఉంది. ఆయన పక్కకు తిరిగినప్పుడల్లా లోపలి నీళ్లు కాస్త ఆలస్యంగా తిరుగుతున్నట్టు ముందు వరుసలో మాకు వినిపించింది.

"ముందువైపు, రెండు చేతులు!" అన్నాడు మైకులో మనిషి.

తౌనో గారు చేతులెత్తారు. నేను అనుకున్నది ఒకటి, చూసింది ఒకటి. ఓడిపోవడానికి వచ్చిన మనిషిలా లేరాయన. పళ్లు బిగించి, మెడ నరాలు తేలేలా, ఉన్న కండనంతా బయటికి లాగారు. లాగుతూనే పక్కకు వంగి, "ఏం పెద్దమనిషీ, గోదాముల్లో ఈ చేతులతోనేనా బస్తాలెత్తింది? దూది బస్తాలా?" అన్నారు.

ఓరెస్ట్ ముఖం ఎర్రబడింది. "నీ పొట్ట ఎన్నో నెల?" అన్నాడు.

"దా, చూసుకుందాం!"

ఇక ఆ పెద్దాయన బెదురు ఎటుపోయిందో తెలియదు. వెనకవైపు తిరగమంటే ఇద్దరూ పోటీలు పడి తిరిగారు. ఛాతీ చూపమంటే ఒకరినొకరు తోసుకుంటూ ముందుకొచ్చారు. హాలంతా లేచి నిలబడింది. చూసింది సరిపోలేదని న్యాయనిర్ణేతలు మళ్లీ అన్ని భంగిమలూ చేయించారు. తౌనో గారి వీపు విచ్చుకున్నప్పుడు పీనా తనకు తెలియకుండానే కుర్చీ ఎక్కేసింది. "భుజాలు! భుజాలు వెడల్పు చెయ్యి!" అని గొంతు చించుకుంది.

ఓరెస్ట్ గెలిచాడు. న్యాయంగానే గెలిచాడు. రెండు జగ్గుల నీళ్లు లేకపోయినా గెలిచేవాడేమో, ఎవరికి తెలుసు. చొక్కాల దండంతా స్టేజీ మీదికి ఎగబాకింది. ఒక చిన్న మనవరాలు ఆయన మెడకు వేలాడుతూ, "తాతా, ఎంతమందిని ఓడించావు?" అని అడిగింది.

"ఒక్కణ్ణి," అన్నాడాయన ఛాతీ పొంగించి. "కానీ ఆ ఒక్కణ్ణి చూశావా తల్లీ!"

ఈ మాట వినాల్సిన మనిషి అక్కడ లేరు. రెండో బహుమతి చంకలో పెట్టుకుని, జనాన్ని తోసుకుంటూ, స్టేజీ వెనక మరుగుదొడ్డిలోకి పరుగు తీసి తలుపేసుకున్నారు.

పీనా వెళ్లి ఆ తలుపు ముందు నిలబడింది. చేతులు కట్టుకుంది. విప్పింది. మళ్లీ కట్టుకుంది.

"తౌనో! నా జిమ్ములో నీలాంటి మగాడు ఇంకొకడు లేడు. వినిపించిందా?"

లోపలినుంచి నీళ్లు వదిలిన చప్పుడు వచ్చింది.

"నీళ్ల చప్పుడులో వినపడలేదు," అంది లోపలి గొంతు. "మళ్లీ చెప్పు!"

పీనా మళ్లీ చెప్పింది. ఈసారి హాలంతా వినేలా.