నాయిన కంటి చుక్కలు

మా నాయిన పని నల్లని వాళ్లను తెల్లగా చేయడం. ఆబిడ్స్‌లో ఒక ఫోటో స్టూడియో మేడ మీద, కిటికీ పక్కన కూచుని నెగెటివ్‌ల మీద పెన్సిల్ నడిపేవాడు. నెగెటివ్‌లో అంతా తలకిందులు. పెన్సిల్‌తో ఎంత నల్లగా రుద్దితే ఫోటోలో ముఖం అంత తెల్లగా వస్తుంది. పెళ్లిచూపులకు ఫోటో పంపేవాళ్లందరిదీ ఒకటే పాట: "మాస్టర్, జర రంగు తేలెటట్టు చూడున్రి." ఆ ఫోటోలు చూసినవాళ్లు హైదరాబాద్‌లో ఎండే కాయదనుకోవాలి.

అరవైల మధ్యలో, నేను బీయస్సీ చదువుతున్నప్పుడు, ఆయనకు దీపాల చుట్టూ రంగుల వలయాలు కనబడడం మొదలైంది. ఒకరోజు మొజంజాహీ మార్కెట్ దగ్గర పక్కనుంచి వస్తున్న పండ్లబండి కనబడక గుద్దుకున్నాడు. "పొద్దుగాలనే తాగిండా ఏంది?" అని బండివాడు అరిచాడు. జన్మలో కల్లు ముట్టని మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది. నాయిన మాత్రం కింద పడ్డ పండ్లు ఏరి బండి మీద పెట్టాడు.

దవాఖానలో డాక్టరు నీటికాసులన్నాడు. కంటి లోపల ఒత్తిడి పెరిగి చూపును అంచుల నుంచి తినేస్తుందట. పోయిన చూపు ఎటూ రాదు, ఉన్నది నిలవాలంటే రోజూ మూడుపూటలా చుక్కలు వేసుకోవాలి. ఆ చుక్కలతోనే వచ్చింది చిక్కు. వేయగానే కంటిపాప ఆవగింజంత అయిపోయేది, లోకమంతా మసకబారేది, కనుబొమ్మల మీద ఒకటే నొప్పి. ఆ కళ్లతో నెగెటివ్ మీద పని సాగదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. స్టూడియో మూసే ఆదివారం మాత్రమే చుక్కలు వేసుకోవాలని నాయిన తనకు తానే తీర్పు చెప్పుకున్నాడు.

"మందేస్తె చీకటైతది, ఎయ్యకుంటె ఎల్తురుంటది. ఇందుల ఏది మందు, ఏది రోగం? నువ్వే చెప్పు బిడ్డా."

సైన్సు చదువుతున్న బిడ్డనే, సీసా మీది మందు పేరు రెండుసార్లు చదివి పక్కన పెట్టాను.

ఆబిడ్స్‌లో ఒక రీడింగ్ రూముకు, నిజం చెప్పాలంటే ఫ్యాను గాలి కోసం, వెళ్తుండేదాన్ని. అక్కడ ఒక అమెరికా పత్రికలో మా సీసా మీది మందు పేరు కనబడింది. ఆఫ్రికాలో కాసే ఒక గింజలోంచి తీసే ఆ మందును ప్రయోగశాలలో తయారుచేసి చూపినవాడు ఒక నల్లజాతి రసాయన శాస్త్రవేత్త. బానిస మనవడు. అతను చదివిన కాలేజీయే రంగు చూసి ఉద్యోగం ఇవ్వలేదు. ఓడల్లో మంటలార్పే నురగకు సోయా చిక్కుడు నుంచి సరుకు తీసిచ్చింది కూడా ఆయనే. అలాంటివాడు తెల్లవాళ్ల పేటలో ఇల్లు కొనుక్కున్నాడని ఆ ఇంటికి నిప్పు పెట్టబోయారు. మా సీసాలోది గింజలోంచి తీసిందో, ఆయన చూపిన దారిలో చేసిందో నాకు తెలియదు. అయినా ఆశపడ్డాను. ఈ సంగతి వింటేనైనా నాయిన రోజూ మందు వేసుకుంటాడనుకున్నాను.

మధ్యాహ్నం అన్నం వేళ ఆయన్ను అక్కడికి తీసుకెళ్లి, అంతా చదివి వినిపించాను. పత్రికను అటూ ఇటూ జరుపుకుంటూ, మిగిలిన చూపులోకి అందులోని ఆ శాస్త్రవేత్త ఫోటోను తెచ్చుకుని చాలాసేపు చూశాడు.

"నలుపును నలుపులెక్కనే ఉంచిన్రు" అన్నాడు. పత్రిక నా చేతికిస్తూ, "నా దగ్గరికొస్తె గీయన్ని గూడ తెల్లగ చేసేటోన్ని" అన్నాడు.

ఆ వారం మూడుపూటలా చుక్కలు వేసుకున్నాడు. ఆ వారం చేసిన పనంతా తిరిగొచ్చింది. "గిట్లయితే ఎట్ల మాస్టర్? గిరాకి పోతది" అన్నాడు స్టూడియో యజమాని. మళ్లీ ఆదివారం చుక్కలే మిగిలాయి. నేను బతిమాలాను, అలిగాను, అన్నం మానేశాను. నాయిన నా ముందు కంచం పెట్టి, "నేను పనికి పోకుంటె గిది యాడికెళ్లొస్తది?" అని అడిగాడు.

రెండేళ్లు కాకముందే ఒక అమ్మాయి పెళ్లిచూపుల ఫోటో తిరిగొచ్చింది. ఒక చెంప పాలమీగడ, రెండో చెంప ఆ పిల్ల సొంత రంగు. ముఖంలో ఆ సగం ఉందనే నాయినకు తెలియలేదు. ఆ పిల్ల తండ్రి ఫోటోను బల్ల మీదికి విసిరికొట్టాడు. నాకైతే పెన్సిల్ తగలని చెంపే బాగుంది, కానీ నన్నడిగేవాళ్లెవరు? యజమాని మర్యాదగానే చెప్పాడు: "రేపటిసంది ఇంటికాడ ఆరాం చెయ్యిన్రి మాస్టర్." నాకు ఏడుపు కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ఎవరి మీదో మాత్రం తేల్చుకోలేకపోయాను.

ఆ మర్నాటి నుంచి నాయిన ఒక్కపూట కూడా మందు తప్పలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. మందు వేళకు గోడ పట్టుకుని నడిచొచ్చి, కుర్చీ తడుముకుని కూచుని, ముఖం పైకెత్తేవాడు.

"ఎయ్యి బిడ్డా. ఇప్పుడు నాకు చూసే పనేమున్నది?"