ముసల్ది భయపడ్డదని రాయి

మా వదినె పోయింది. ఆ కబురు వచ్చినప్పుడు నేను నవల రాసుకుంటున్నాను. "అత్తమ్మా, అవ్వ పోయింది" అన్నాడు ఫోన్‌లో మేనల్లుడు, వదినె కొడుకు. తల్లిని వాడు అవ్వ అనే పిలుస్తాడు. ఇలాంటి మాట విన్న మనిషి గోడ పట్టుకుంటుంది, కుర్చీ వెతుక్కుంటుంది, కనీసం ఏడుస్తుంది. నేను బల్ల మీది కాగితం వైపు చూశాను. దాని మీద ఒకే ఒక్క వాక్యం ఉంది. ఆ కాగితాన్ని బోర్లా తిప్పేశాను. అలా ఎందుకు తిప్పేశానో మీకు అర్థం కావాలంటే, ముందు మా వదినె ఎవరో చెప్పాలి.

ఆమె మా ఆయనకు అక్క. లక్సెట్టిపేటలోనూ, తర్వాత ఆదిలాబాద్‌లోనూ సర్కారు బడిలో సాంఘికశాస్త్రం చెప్పింది. రిటైరయ్యాక కరీంనగర్‌లో మా వెనక వీధిలోనే కొడుకు దగ్గర ఉండేది. నాకు మనవరాలు కూడా ఉంది, ఇంట్లో ఎవరి చేతా మాట పడని దాన్ని. వదినె మాత్రం నన్ను చివరిదాకా "పిల్లా" అనే పిలిచింది. నా నవలల్ని మీరు అచ్చులో చదివారు. ఆమె వాటిని మా వరండాలో, మధ్యాహ్నం పూట, చింతపండు గింజలు తీస్తూ విన్నది. నేను చదువుతూ ఉంటే స్టీలు పళ్లెంలో గింజలు టక్ టక్ మని పడేవి. నాయకుడు వచ్చినా, నాయిక గుండె పగిలినా ఆ చప్పుడు ఆగేది కాదు. ఎవరో ఒక పిల్ల చాయ్ తెచ్చి ఇచ్చి వెళ్లిందని చదివితే మాత్రం ఆగేది.

"గా చాయ్ తెచ్చిన పిల్ల ఎవలింటి పిల్ల?"

"ఎవలో ఒక పిల్ల వదినె. కథకు అవసరం లేదు."

"కథకు లేకపోతే లేకపాయె. దాని పేరన్న దానికి అవసరమే గదా?"

ఒక నవలలో నాయికను కారులో కొండగట్టుకు పంపాను. ఆమె ఆంజనేయస్వామి ముందు నిలబడి జీవితాన్నే మార్చే నిర్ణయం తీసుకుంది. తర్వాతి అధ్యాయానికల్లా ఇంట్లో ఉంది. చాలా గొప్పగా వచ్చిందని నాలో నేనే మురిసిపోతున్నాను. వదినె చేతులు తుడుచుకుని, "డ్రైవర్ ఏడి?" అంది.

"ఏ డ్రైవర్?"

"కొండ కింద ఇడిసిపెట్టినవ్ గదనే. పొద్దటి సంది ఆడనే ఉన్నడు. ఏమన్న తిన్నడా? ఇంటికాడ వాని పెండ్లం పరేషాన్ గాదా?"

"అబ్బా వదినె, ఆ పిల్ల బతుకు తలకిందులైతుంటే నీకు డ్రైవర్ ఫికరా?"

"దానికి నువ్వున్నవ్. వానికెవలున్నరు?"

కోపంతోనే ఆ డ్రైవర్‌కు ఒక పేజీ ఇచ్చాను. నాయిక చెప్పులకు కాపలా, కోతి ఎత్తుకుపోయిన పులిహోర పొట్లం, కడుపు నిండా తిన్నానని పెళ్లానికి ఫోన్‌లో చెప్పిన అబద్ధం. ఆ నవల చదివి నాతో మాట్లాడిన వాళ్లెవరూ నాయిక నిర్ణయం గురించి అడగలేదు. అందరూ డ్రైవర్‌నే అడిగారు. ఆ సంగతి వదినెకు చెప్పలేదు. చెబితే ఆ తర్వాత ఆమెతో వేగడం కష్టం.

పెద్ద తరగతి మగపిల్లలను ఒక్క చూపుతో కూర్చోబెట్టిన ఆ మనిషికి వంతెనలంటే భయం. ఇటునుంచి పోతే లక్సెట్టిపేటకు ముందు గోదావరి దాటాలి. బస్సు వంతెన ఎక్కుతుండగానే కళ్లు గట్టిగా మూసుకుని, పక్కవాళ్ల మణికట్టు పట్టుకునేది. "బుగులైతంది పిల్లా. వంతెన అయిపోయినంక చెప్పు" అనేది. పక్కన నేను లేకపోతే ఎవరి చెయ్యైనా ఒకటే. ఒకసారి పాపం కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపి, అవతలి ఒడ్డు వచ్చేదాకా ఆమె పక్కన నిలబడ్డాడట. ఒకసారి ఆటపట్టిద్దామని నేను వంతెన మధ్యలోనే "అయిపోయింది వదినె" అన్నాను. కళ్లు తెరిచి కింద నీళ్లు చూసింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

ఈ ఎండాకాలంలో ఆమె గుండె సంగతి బయటపడింది. ఆపరేషన్ చేస్తే ఈ వయసులో ఒళ్లు తట్టుకోదని డాక్టర్ చెప్పాడు. ఆస్పత్రి నుంచి నేరుగా మా ఇంటికే వచ్చి, చింతపండు ముందేసుకుని, "చదువు" అంది. చదివాను. ఇప్పుడు రాస్తున్న నవలలో నాయికను పెంచిన పెద్దమ్మ ఒకామె ఉంది. ఆమె పోతే తప్ప నాయిక ఊరికి తిరిగి రాదు కాబట్టి ఆమె పోవాలని నేను ముందే అనుకున్నాను. చదువుతూ ఉండగా గింజల చప్పుడు ఆగింది.

"ముసల్దాన్ని సంపుతున్నవ్ గదా?"

"ఇంకా రాయనే లేదు. నీకెట్ల తెలిసింది?"

"దానితోని అన్నీ మంచిమాటలే మాట్లాడిపిస్తున్నవ్. నవలల్ల ముసలోళ్లు గంత మంచిగ మాట్లాడిన్రంటే ఇగ పోయెటట్టే."

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఎట్ల పోతది?" అంది.

"నిద్రల. చిరునవ్వుతోని."

"ఎందుకు నవ్వుతది?"

"తృప్తిగ బతికింది గదా వదినె."

"నేను బతకలేదా తృప్తిగ? కొడుకు మంచిగ చూస్తుండు. పింఛన్ వస్తంది. రోజూ నిన్ను తిట్టుకుంట కూసుంటున్న. అయినా నాకు బుగులైతంది. నీ నాయిక మనసు నిమ్మళంగ ఉండాలని ముసల్దాన్ని నవ్వుకుంట పంపుతవా? అది భయపడ్డదని రాయి."

వంతెన మీద కాకుండా, నేల మీద కూర్చుని ఆమె ఆ మాట అనడం అదే మొదటిసారి. దేనికి భయమని అడిగాను. నొప్పికా అన్నాను.

"నొప్పికి గాదు. తెల్వని ఊర్ల బస్సు దిగినట్టుంటదేమో. టీచరమ్మా అని ఒక్కలు వలకరియ్యరు. నేనెవలో నేనే చెప్పుకోవాలె."

ఆ తర్వాత భయం నాకు పట్టుకుంది. కాలేజీలో తెలుగు చెప్పినదాన్ని. పిల్లి ఎదురొస్తే దానికి దారి ఇచ్చి, నా పనికి నేను వెళ్లేదాన్ని. అలాంటిదాన్ని కలం పట్టుకుంటే వేళ్లు చల్లబడేవి. పెద్దమ్మ చావు రాసిన మరుక్షణం వెనక వీధి నుంచి ఫోన్ మోగుతుందని అనిపించేది. అందుకని పెద్దమ్మను పోనివ్వలేదు. ఆమె చేత ఆవకాయ పెట్టించాను. తీర్థయాత్రకు పంపాను. మోకాళ్ల నొప్పులు తగ్గించాను. నాయిక పాపం పట్నంలో పెట్టె సర్దుకుని కూర్చునే ఉంది. రోజూ మధ్యాహ్నం వదినె గేటు చప్పుడు వినబడేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు.

"ముసల్దాన్ని గంత మోస్తున్నవేందే? కథ కదుల్తనే లేదు" అంది ఒకరోజు. ఇంకో గింజ తీసి పళ్లెంలో వేసి, "నువ్వు సంపకపోతే నేను ఉంటనా?" అంది.

"నువ్వు చింతపండు సంగతి చూడు" అన్నాను.

ఆస్పత్రిలో చివరిసారి చూసినప్పుడు నా మణికట్టు పట్టుకుంది. ఆ వేళ్లలో అంత బలం ఎక్కడిదో.

"రాసినవా?"

"లేదు."

"ఎందుకే?"

"నాకు బుగులైతంది వదినె."

అప్పుడు నవ్వింది. "ఇగ మంచిగ రాస్తవ్" అంది. కళ్లు మూసుకుని, "అయిపోయినంక చెప్పు" అంది. నర్సు వచ్చి టైమైంది లేవమనేదాకా అలాగే కూర్చుని, ఏమీ చెప్పకుండానే బయటకు వచ్చాను.

మర్నాడు పొద్దున బల్ల ముందు కూర్చుని, 'పెద్దమ్మకు భయం వేసింది' అని రాశాను. ఫోన్ మోగింది. ఆమెను తీసుకుపోయింది ఆమె గుండే కానీ నా కలం కాదని నాకు తెలుసు. నా చేతులకు ఇంకా తెలియదు.

అస్థికలు గోదావరి ఏ ఒడ్డున కలపాలో మేనల్లుడే నిర్ణయించాడు. "అటు లక్సెట్టిపేట దిక్కుకే తీసుకపోదాం అత్తమ్మా. అటైతే అవ్వను గుర్తువట్టెటోళ్లుంటరు" అన్నాడు. ఆమె భయం సంగతి నేను వాడికి చెప్పలేదు. ఆమే వాడికీ చెప్పి ఉంటుంది. వాడు కారు నడుపుతుంటే నేను కుండ ఒళ్లో పెట్టుకుని వెనక కూర్చున్నాను. వంతెన వచ్చింది. ఇన్నేళ్లలో ఎన్నడూ లేనిది, నేను కళ్లు మూసుకున్నాను.

"నీకు గూడ బుగులా అత్తమ్మా?" అన్నాడు అద్దంలో చూసి.

"నువ్వు రోడ్డు చూసి నడుపు" అన్నాను.

తిరిగి వచ్చాక ఆ అధ్యాయం పూర్తి చేశాను. పెద్దమ్మ నవ్వదు. మంచిమాట ఒక్కటీ చెప్పదు. నాయిక ఆ గదిలో ఉండదు, ఆమె రావడం ఆలస్యమవుతుంది. నాయికకు నేనున్నాను, పెద్దమ్మకెవరున్నారని ఆలోచించి, అంతకుముందు కథలో లేని ఒక మరదలిని తెచ్చి మంచం పక్కన కూర్చోబెట్టాను. పెద్దమ్మ ఆ మరదలి చెయ్యి పట్టుకుని భయపడుతుంది. భయపడుతూనే పోతుంది.

అధ్యాయాన్ని వరండాలో పైకి చదువుకున్నాను. వదినె ఉంటే ఏమడుగుతుందో తెలుసు. గా మరదలు ఆడికెల్లి ఏడికివోయింది? ఏమన్న తిన్నదా? దానికెవలున్నరు?

ఆ మరదలిని ప్రస్తుతానికి వంతెన మీదే, కారు వెనక సీట్లో ఉంచాను. కళ్లు గట్టిగా మూసుకుని, తన మణికట్టు తానే పట్టుకుని ఉంది.