నాయనమ్మ తాటిమోడు

నా చిన్నప్పుడు మా ఇంటికి ఊళ్లో మంచి పేరు ఉండేది కాదు. అందుకు మొదటి కారణం మా నాయనమ్మ నోరు, రెండోది మా పెరడు. మాది కాజీపల్లి పక్కన ఒక చిన్న ఊరు. ఇప్పుడక్కడ ఊరు ఎక్కడ ముగుస్తుందో కంపెనీ ఎక్కడ మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు గానీ, అప్పట్లో మా పెరటి కంచె దాటితే జొన్నచేలే.

ఇంటి ముందు వాకిలిని నాయనమ్మ అద్దంలా ఉంచేది. తెల్లారకముందే పేడనీళ్లు చల్లి ముగ్గు వేసేది. పెరట్లోకి మాత్రం చీపురు రానిచ్చేది కాదు. అక్కడ గోరింటాకు కంచె మనిషెత్తు పెరిగి ఉండేది. ఒక మూల బలుసు పొద, దాని పక్కన రేగు, సీతాఫలం, తంగేడు. మధ్యలో కోయని గడ్డి. రాలిన ఆకు రాలిన చోటే పడి ఉండేది. పగిలిన కుండ అడుగు ఒకటి నేలలోకి పూడ్చి, గిన్నెలు కడిగిన తర్వాత మిగిలిన మంచినీళ్లు అందులో పోసేది. చూసినవాళ్లు దాన్ని పెరడు అనేవారు కాదు, పాడు అనేవారు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు మా అమ్మ సిగ్గుతో చచ్చిపోయేదట.

నాయనమ్మకు పిట్టలంటే ప్రేమ అని మీరు అనుకుంటే అది మీ పొరపాటు. ఆమెకు ఎవరి మీదా పెద్దగా ప్రేమ ఉన్నట్టు నేను చూడలేదు. ఒకసారి నేను పిట్టల కోసమని పెరట్లో పిడికెడు బియ్యం చల్లితే నెత్తిన ఒక్కటిచ్చింది. కాకులు వచ్చి వాలాయి. బలుసు పొదలో ఉన్న పిగిలిపిట్టలు రెండూ ఎగిరిపోయాయి. గింజలేస్తే కాకులే వస్తాయని, గడ్డిని గడ్డిలా, పొదను పొదలా వదిలేస్తే ఎవరి తిండి వాళ్లు వెతుక్కుంటారని, నీ చెయ్యి అక్కడ అవసరం లేదని కసిరింది. ఆమె చెప్పింది నిజమే. గడ్డి గింజలకు జీనువాయిలు గుంపుగా వచ్చేవి. బలుసు పండ్లకు పిగిలిపిట్టలు వచ్చేవి. ఆకులు కలిపి కుట్టుకునే బుల్లిపిట్ట గోరింటాకు పక్కన గూడు పెట్టేది. ఎవరూ వాటిని పిలవలేదు.

ఇంతకంటే ఊరికి కంట్లో నలుసు మా తాటిమోడు. నేను పుట్టకముందు పిడుగు పడి దాని తల ఊడిపోయిందట. మిగిలిన మొద్దు కంచె పక్కన నిటారుగా, నల్లగా నిలబడి ఉండేది. దాని పైభాగంలో ఒక తొర్ర ఉండేది. ఎండాకాలంలో ఆ తొర్రలో పాలపిట్టలు గూడు పెట్టేవి. మిగతా రోజుల్లో కూడా వాటిలో ఒకటి సాయంత్రం వేళ మోడు కొస మీద కూర్చునేది. గడ్డిలో మిడత కదిలితే దిగివచ్చి పట్టుకుని మళ్లీ పైకి వెళ్లేది. కూర్చున్నప్పుడు ఏదో మట్టిరంగు పిట్టలా ఉండేది గానీ, రెక్కలు విప్పిందంటే ఆ నీలం చూసి నేను నోరు తెరుచుకుని నిలబడిపోయేదాన్ని.

ఆ మోడుకు అటువైపు మా పక్కింటి మామ ఉండేవాడు. వరసకు మామే తప్ప మాకూ ఆయనకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. తన మెట్టచెలకను కంపెనీకి అమ్మి, ఆ డబ్బుతో మా కంచె వెంబడే వరసగా కిరాయి గదులు కట్టించాడు. కంపెనీలో పనికి వచ్చినవాళ్లు వాటిలో దిగారు. అప్పటినుంచి మా పెరడు ఆయనకు కంటగింపు అయింది. పాములొస్తాయన్నాడు. పిట్టల రెట్టలు గదుల మీద పడుతున్నాయన్నాడు. ఎండిన చెట్టును ఇంట్లో పెట్టుకుంటే వీధికే అరిష్టమన్నాడు. చివరికి ఆ మొద్దు విరిగి తన గదుల మీద పడితే ఎవరు జవాబుదారీ అన్నాడు. ఒకరోజు గొడ్డళ్లతో ఇద్దరు మనుషుల్ని కూడా వెంట తెచ్చాడు.

నాయనమ్మ వెళ్లి మోడుకు వీపు ఆనించి కూర్చుంది. కూర్చుని వక్క నములుతూ ఆయన ముఖంలోకి చూసి ఒక్క మాట అన్నది. "నువ్వు కిరాయికిస్తున్నవ్. నేను ఊకెనే ఇచ్చిన. గంతే ఫరక్." గొడ్డళ్ల వాళ్లకు నవ్వు ఆగలేదు. మామ ముఖం మాడిపోయింది.

ఆ నవ్వును ఆయన మరిచిపోలేదు. వెళ్లి ఊరి పెద్దల్ని కూర్చోబెట్టాడు. మా నాయనకు రోజూ ఈ తగవులతో విసుగు పుట్టింది. తల్లి పక్కన నిలబడాల్సినవాడు నేల చూపులు చూస్తూ, వాళ్లు ఎట్లా అంటే అట్లా అన్నాడు. దసరా దగ్గరికొచ్చింది, పండగ ముందు చెట్టు మీద గొడ్డలి వద్దు, పండగ మరునాడు కొట్టించుకోమని పెద్దలు తీర్పు చెప్పారు. నాయనమ్మ తిట్లు అందుకుంటుందని ఊరంతా ఎదురుచూసింది. ఆమె ఏమీ అనలేదు. లేచి కొంగు దులుపుకుని ఇంటికి వచ్చేసింది. ముసలిదానికి ఓపిక అయిపోయిందని అందరూ అనుకున్నారు. నేనూ అదే అనుకుని ఆ రాత్రి అన్నం తినలేదు.

మా వైపు దసరా నాడు పాలపిట్టను చూడాలి. చూడకపోతే ఆ ఏడు కలిసిరాదని నమ్మకం. జమ్మిచెట్టుకు మొక్కి, ఆకు తెంపుకుని, డప్పులతో పొలిమేర దాటి వెళ్లి పాలపిట్ట కనబడేదాకా తిరిగేవారు. ఆ ఏడు ముందు నడిచింది పక్కింటి మామే. నేను కూడా నాయన చెయ్యి పట్టుకుని వెళ్లాను. పొలిమేర దాటితే చేలు లేవు. గాజుపెంకులు గుచ్చిన ప్రహరీగోడలు, వాటి వెంట మురికి కాలువ, ముక్కు మూసుకోవలసిన వాసన. పైన కూర్చోవడానికి ఒక్క ఎండుకొమ్మ లేదు, కింద మిడత ఎగరడానికి ఒక్క గడ్డిపరక లేదు. అంతమంది పెద్దవాళ్లు మెడలు వాచేలా ఆకాశం వైపు చూస్తూ తిరుగుతున్నారు. మా మోడు మీద రోజూ కూర్చునే పిట్ట సంగతి వాళ్లకు తెలియక కాదు. పొలిమేర బయటే చూడాలని వాళ్ల పట్టు. పైగా మా పెరటి వైపు ముఖం తిప్పడం నామోషీ.

అప్పుడు మామ చెయ్యి ఊపాడు. గోడ పక్కనుంచి గుడ్డ కప్పిన బుట్టతో ఒక మనిషి వచ్చాడు. బుట్టలోంచి పాలపిట్టను తీసి పైకెత్తి చూపాడు. డప్పులు మోగాయి. అందరూ దండాలు పెట్టారు, మామ తెలివిని మెచ్చుకున్నారు. పొట్టిదాన్ని కాబట్టి నాకు కింది నుంచి దాని కాళ్లు కనబడ్డాయి. రెండు కాళ్లకూ దారం ఉంది. రెక్కలు ఒంటికి బంకతో అతికించి ఉన్నాయి. నోరు తెరిచి ఉంది, మూయడం లేదు. నాయన చెయ్యి విడిపించుకుని ఇంటికి పరిగెత్తాను.

నాయనమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని అరుగు మీద కూర్చుని ఉంది. నేను చెప్పింది మొత్తం విన్నది. దారం కాళ్లకేనా, రెక్కలకు కూడానా అని అడిగింది. రెక్కలకు బంక అని చెప్పాను. సరేనని చేతులు రెండూ కొంగు కింద పెట్టుకుంది.

మా వీధిలో ఒక పద్ధతి ఉండేది. పొలిమేర నుంచి తిరిగొచ్చాక బంగారమని పిలిచే జమ్మి ఆకును ముందు వీధిలో అందరికంటే పెద్దవాళ్ల చేతిలో పెట్టాలి. వాళ్లు తీసుకుని దీవించాకే మిగతావాళ్లు ఒకరికొకరు ఇచ్చుకోవాలి, అలాయ్ బలాయ్ అంటూ కౌగిలించుకోవాలి. అదంతా పొద్దు గూకేలోపు అయిపోవాలి. ఆ ఏడు వీధిలో పెద్ద మా నాయనమ్మే. ముందు నడిచినవాడు కాబట్టి మొదట ఇవ్వాల్సింది మామ. ఎంత పగ ఉన్నా తప్పించుకోవడానికి లేదు.

మామ వచ్చాడు. వెనక వీధి మొత్తం, అందరి పిడికిళ్లలో జమ్మి. ముఖం ఎటో పెట్టి, "అత్తా, బంగారం తీస్కో" అన్నాడు. ఆమె చేతులు కదలలేదు. వినపడలేదేమోనని ఆయన మళ్లీ అన్నాడు. ఆమె ఆయన వెనక ఉన్న బుట్ట వైపు చూస్తోంది. మా నాయన వచ్చి చెవిలో ఏదో చెప్పాడు. పెద్దమనుషులు బతిమాలారు. పండగ పూట ఈ పంతం ఏమిటని ఎవరో విసుక్కున్నారు. పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. పొద్దు కంపెనీ గోడ మీదికి దిగింది. ఆమె చెయ్యి చాపితే తప్ప ఆ వీధిలో పండగ లేదు. ఆ సంగతి అందరికంటే ముందు మామకే అర్థమైందని ఆయన చెవులు ఎర్రబడటం చూసి నాకు తెలిసింది.

"ముందు ఆ పిట్టను ఇడిపియ్యి," అన్నది నాయనమ్మ. "తర్వాత నా తాటిమొద్దు జోలికి రానని గీ నలుగుట్ల చెప్పు. గప్పుడు చాపుత చెయ్యి."

"ఒక మొద్దు కోసం ఇంతమందిల నా ఇజ్జత్ తీస్తవా?"

"నీ ఇజ్జత్ నీ నోట్లనే ఉన్నది. ఒక్క మాట చెప్పి తీస్కపో."

మామ పళ్లు నూరాడు. బుట్ట మనిషిని పిలిచి దారం తెంపించి, పిట్టను మా అరుగు మీద పెట్టించాడు. తర్వాత ఆ మొద్దు జోలికి తాను గానీ తన ఇంట్లోవాళ్లు గానీ రారని గొణిగాడు. వెనకవాళ్లకు వినపడలేదు, మళ్లీ చెప్పు అన్నది నాయనమ్మ. మళ్లీ చెప్పాడు, ఈసారి అరిచి చెప్పాడు. అప్పుడు ఆమె కొంగు కిందనుంచి చెయ్యి తీసి, జమ్మి అందుకుని, అందరికీ ఇచ్చిన దీవెనే ఆయనకూ ఇచ్చింది. పెద్దల తీర్పు గురించి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. తీర్పు రోజున ఆమె ఎందుకు నోరు మూసుకుందో నాకు అప్పుడు తెలిసింది. మామ చేతిలో జమ్మి పట్టుకుని తన గుమ్మం ముందుకు రాక తప్పని రోజు కోసం ఆమె కాచుకుని ఉంది.

ఆ పిట్ట బతికిందని చెప్పాలని నాకూ ఉంది. బతకలేదు. నాయనమ్మ నూనె రాసి రెక్కల బంక వదిలించి, బలుసు పొద కింద చల్లగా ఉన్నచోట పెట్టింది. నేను నీళ్లు దగ్గర పెట్టాను, తాగలేదు. తెల్లారేసరికి పక్కకు ఒరిగి ఉంది. నాయనమ్మ కంట నీరు పెట్టలేదు. దాన్ని మోదుగాకులో పెట్టి తీసుకెళ్లి మామ గడప మీద ఉంచి తిరిగొచ్చింది. ఆ రోజు నుంచి ఆమె పోయేదాకా రెండిళ్ల మధ్య మాటల్లేవు.

మామ ఆ మోడును చచ్చేదాకా తిట్టాడు. తిట్టని పొద్దు లేదు. కానీ నలుగురిలో అన్న మాట కాబట్టి గొడ్డలి తేలేదు. తర్వాత వచ్చిన ఎండాకాలం తొర్రలోంచి పాలపిట్ట పిల్లలు తలలు బయటపెట్టి అరుస్తుంటే నేను కంచె సందుల్లోంచి చూశాను. అవతల మామ తన గదుల ముందు నిలబడి తిడుతూనే ఉన్నాడు. ఆ తిట్లు ఆ పిల్లలకు ఏమీ చెయ్యలేదు.

మరుసటి దసరాకు కూడా ఊరు డప్పులతో కంపెనీ గోడల వెంటే వెళ్లింది. పాలపిట్ట మా మోడు మీదే కూర్చుని ఉంది. పరిగెత్తి వాళ్లను పిలుచుకురానా అని అడిగాను. "ఎందుకే? మళ్ల దారం పట్కొస్తరు," అన్నది నాయనమ్మ.

ఇప్పుడు నాకు ఆమె వయసు వచ్చింది. ఆమె నోరు కూడా వచ్చిందని మా పిల్లలు అంటారు. బీరంగూడలో ఇల్లు కట్టుకున్నప్పుడు వెనక కొంత జాగా వదిలించి బలుసు, గోరింటాకు, సీతాఫలం పెట్టాను. గడ్డి కోయనివ్వను. ఉన్న ఒక్క వేపచెట్టు రెండేళ్ల కిందట తెగులు తగిలి నిలువునా ఎండిపోయింది. దాన్ని అట్లాగే ఉంచాను. దాని తొర్రలో గోరింకలు చేరాయి. పాలపిట్ట రాలేదు, వస్తుందన్న ఆశ కూడా నాకు పెద్దగా లేదు. మా కాలనీవాళ్లు మాత్రం రోడ్డు పొడవునా కోనోకార్పస్ అనే పరాయిదేశపు చెట్లు నాటి, వాటికి గూళ్ల కోసం రంగుల చెక్కపెట్టెలు వేలాడదీసి, పిట్టలు ఎందుకు రావడం లేదని నన్నే అడుగుతారు. కాలనీ అధ్యక్షుడికి నా ఎండువేప కళ్లలో కారం. కాలనీ అందం పోతోందని ఆరునెలలు నా ప్రాణం తీశాడు. పండగ కాగానే మిషను తెచ్చి కోయించేస్తామని కడపటి మాటగా చెప్పి వెళ్లాడు. నేను కొంగు దులుపుకుని లోపలికి వచ్చేశాను.

మొన్నటి దసరా సాయంత్రం అతనే జమ్మి పట్టుకుని, వెనక పదిమందిని వేసుకుని, వీధిలో పెద్దదాన్నని ముందు నా గుమ్మానికే వచ్చాడు. "ఆంటీ, బంగారం తీస్కోండ్రి," అని నవ్వాడు. నేను నవ్వలేదు. అతను నా చేతుల కోసం చూశాడు. ముందు వేపచెట్టు మాట చెప్పమన్నాను. పరాచికం అనుకున్నాడు పాపం. వెనకవాళ్లకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది, అతనికి ఇంకొంచెం ఎక్కువ పట్టింది. నాకు తొందరేమీ లేదు, పొద్దు గూకడానికి ఇంకా టైముంది.

చెట్టు జోలికి రానని అందరి ముందూ అన్నాకే చెయ్యి చాపాను. ఇప్పుడు అతను ఎదురుపడితే తల తిప్పుకుంటాడు. తిప్పుకోనీ. వేప నిలబడే ఉంది, ఈ ఎండల్లో దాని తొర్రలో గోరింకలు పిల్లల్ని లేపాయి. వచ్చే దసరాకు కూడా జమ్మి ముందు నా గుమ్మానికే రావాలి. నా చేతులు కొంగు కిందే ఉంటాయి.