ఏసోబు మాస్టారి నల్లబొమ్మలు

ఏసోబు మాస్టారు రోజూ పళ్లు తోముకుంటూ తూర్పుకు చెయ్యి చాపుతారు. నేలకీ సూర్యుడికీ మధ్య ఎన్ని వేళ్లు పట్టాయో చూసుకునిగానీ పుక్కిలించరు. ఒక్క వేలయితే ఫొటోకి వేళ. అరచెయ్యి దాటితే బడికి తయారవాలి.

ఈ పిచ్చి ఆయనకు ఎనభై నాలుగులో పట్టింది. బావమరిది ఇచ్చిన పాత డబ్బా కెమెరాతో, మిరపకాయల కోతకు వెళ్లే ఆడవాళ్లను, పొడిచే పొద్దు వాళ్ల వెనక ఉండేలా వరసగా నిలబెట్టారు. సూర్యుడూ పడాలి, మనుషులూ పడాలి అని ఆశ. తీరా రీలు కడిగించి తెస్తే ముఖాలన్నీ బొగ్గు.

"ఏంది మాస్టారూ, మమ్మల్ని పొయ్యిలో పెట్టి తీశారా?" అంది ఆదెమ్మ.

అందరూ నవ్వారు. అయినా "ఇది నా కొప్పు", "ఆ వంకర తట్ట మా అత్తది" అంటూ ఎవరికి వాళ్లు గుర్తుపట్టుకున్నారు. అది చూశాక మాస్టారు కావాలనే అలా తీయసాగారు. మనుషులు ఒకరికొకరు తగిలితే ముద్దగా పడతారనీ, పక్కకు తిరిగితేనే ముక్కు తెలుస్తుందనీ రెండు రీళ్లు పాడయ్యాక నేర్చుకున్నారు.

ఒకనాడు సంతోషకుమారి వచ్చింది. నర్సు ట్రైనింగుకి వెళ్తూ పెట్టెలో పెట్టుకోవడానికి అమ్మ ఫొటో కావాలంది. ఆమె తల్లి వీరమ్మకు ముఖం నిండా చిన్నప్పటి మశూచి మచ్చలు. పెళ్లిలో కూడా ఫొటో దిగలేదు.

"నా మొహం పడదు గదా?" వీరమ్మ మూడుసార్లు అడిగింది.

"నీడే పడుద్ది వదినా. మచ్చొక్కటి పడితే కెమెరా కాలవలో పారేస్తా."

రీల్లో ఒక్క ఫొటోయే మిగిలి ఉంది. మర్నాడు వీరమ్మ తలపై తట్టతో గట్టు మీద పక్కకు తిరిగి రాయిలా బిగుసుకుని నిలబడింది. పొలం అడ్డు రాకుండా ఆమె మొత్తం ఆకాశంలోనే పడాలని మాస్టారు వంగారు, గొంతుక్కూర్చున్నారు. చాలలేదు. ఇస్త్రీ చొక్కాతోనే మంచుకు తడిసిన నల్లరేగడిలో బోర్లా పడుకున్నారు. సూర్యుడు ఒక వేలెత్తు లేచాడు.

"ఓరి నాయనో! బడికి ఇట్టాగే పోతారా? పిల్లలు గేదె వచ్చిందనుకుంటారు!" వీరమ్మ పకపకా నవ్వేసింది.

మాస్టారు మీట నొక్కారు.

ఫొటోలో ముఖం లేదు. ఎత్తిన గడ్డం, తెరుచుకున్న నోరు, జారిపోకుండా తట్టను పట్టుకున్న చెయ్యి.

"అది వీరమ్మ నవ్వు గదా!" ఆదెమ్మ దూరం నుంచే అంది.

వీరమ్మ ఫొటోని కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "నేనిట్టా నవ్వుతానా? మా పిల్లకిచ్చేది దానికియ్యండి. నాకూ ఒకటి కావాలి" అంది.

సంతోషకుమారి ఇప్పుడు కనిగిరిలో నర్సు. మాస్టారు అదే బడిలో ఐదో తరగతికి చెబుతున్నారు. కెమెరా సంచిలో ఒక పాత చొక్కా కూడా పెట్టుకుంటున్నారు.