వీపు మీద అరచేయి

మా వీధిలో కరెంటు పోయిన సంగతి కళ్లకన్నా ముందు చెవులకు తెలుస్తుంది. ఇవాళ మధ్యాహ్నమూ అంతే. ఇంటింటా పవర్‌లూమ్‌లు ఒక్కసారిగా ఆగిపోయాయి. చెవుల్లో హోరు మాత్రం కాసేపు మిగిలింది. అలాంటప్పుడల్లా నా వీపు మీద, రెండు భుజాల మధ్య, వెచ్చగా ఏదో తగిలినట్టు ఉంటుంది. సుగుణమ్మ టీచర్ చెయ్యి పెట్టే చోటు అది. ఆమె పోయి చాలా ఏళ్లయినా నా ఒంటికి ఆ సంగతి ఇంకా తెలియదు.

హుజూరాబాద్ చుట్టుపక్కల ఆమె పాట తెలియని ఇల్లు ఉండేది కాదు. రేడియోలో పాడేవారు, చర్చిలో పాటలు నేర్పేవారు. ఎక్కడో భైంసా నుంచి, ఆసిఫాబాద్ నుంచి ఆమె ఇల్లు చూడాలని వచ్చేవాళ్లు. చర్చి వెనక రెండు గదుల పెంకుటిల్లు చూపిస్తే నమ్మేవారు కాదు. లోపల ఒక నులక మంచం, ఒక హార్మోనియం, గూట్లో రేడియో. సన్మానాల్లో ఇచ్చిన షీల్డులన్నీ మంచం కింద దుమ్ము పట్టి ఉండేవి, వాటి మధ్య ఒక కోడి గుడ్లు పెట్టేది. తన పాట రేడియోలో వస్తే టీచర్ లేచి వాకిట్లోకి వెళ్లి నిలబడేవారు. ఎందుకని అడిగితే, "ఇద్దరం ఒక్క ఇంట్ల ఇమడం బిడ్డా" అని నవ్వేవారు.

నేను పాట నేర్చుకోవడానికి వెళ్లిన మొదటి రోజు నా గొంతు విని ఆ కోడి బయటికి పరుగెత్తింది. మగ్గాల ఇళ్లలో పుట్టినవాళ్లం, ఉప్పు అందివ్వమన్నా అరిచే చెబుతాం. గొంతు చించుకోవడమే పాట అనుకునేదాన్ని. టీచర్ నవ్వలేదు. నా వెనక్కి వచ్చి వీపు మీద అరచేయి ఆనించారు.

"మగ్గం బందయింది బిడ్డా. నువ్వింకా దాని మీదనే పాడుతున్నవ్. నీ పక్కన కూసొని పాడేటామెకు ఆమె గొంతు ఇనబడాలె. గంత మెల్లగ పాడు."

ఆ మెల్లదనం పట్టుబడటానికి నాకు ఏళ్లు పట్టింది.

బాపుకు ఇదంతా అంతుపట్టేది కాదు. చిన్నప్పటి నుంచి మగ్గాల మధ్యే ఉండి ఆయన చెవులు దాదాపు పోయాయి. ఒకసారి నన్ను ఇంటికి పిలుచుకుపోవడానికి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. తనకేం వినబడదని, నేను పాడుతున్నానో ఏడుస్తున్నానో టీచరమ్మకే తెలియాలని అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని నా మనసు చివుక్కుమంది. టీచర్ ఆయనకు కనబడేలా పెదవులు కదుపుతూ, "బిడ్డ ఈపు మీద చెయ్యి పెట్టు, ఇనబడ్తది" అన్నారు. బాపు తన చేతులు చూసుకున్నాడు. మెషిన్ నూనెతో నల్లగా ఉన్నాయి. లుంగీకి తుడుచుకుని వెనక దాచుకున్నాడు. పెట్టలేదు.

తర్వాత టీచర్ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే ప్రాణం ఉంటుంది, మాట ఉండదన్నారు. హైదరాబాద్ వెళ్లే ముందు నన్ను పిలిపించారు.

"నేను సచ్చిపోయిన్నాడు మైకు పెట్టనియ్యకు. నువ్వు పాడు. మెల్లగ పాడు, గంతే."

తిరిగి వచ్చాక మాట లేకుండానే నేర్పారు, ఆ అరచేత్తోనే. ఒకనాడు రేడియోలో ఆమె పాత పాట వచ్చింది. అలవాటుగా వాకిట్లోకి వెళతారనుకున్నాను. వెళ్లలేదు. రేడియో ముందు నేల మీద కూర్చుని, పెదవులు కదుపుతూ చివరిదాకా విన్నారు. ఆ రోజు నేనే వాకిట్లోకి వెళ్లి ఏడ్చాను.

ఆమె పోయిన నాడు, శవపెట్టె సమాధుల తోటకు మా వీధి మీదుగానే పోవాలి. ఇరువైపులా మగ్గాల హోరు. ఆమె కొడుకు నా మాట మన్నించి మైకు పెట్టలేదు. పెట్టె వెనక నడుస్తూ మెల్లగా పాట ఎత్తుకున్నాను. నాకే వినబడలేదు. గొంతు పెంచితే ఆమెకిచ్చిన మాట పోతుంది. పెంచకపోతే అంత పాట పాడిన మనిషిని పాట లేకుండానే మట్టికి పంపినట్టవుతుంది. ఏం చేయాలో తోచక అలాగే పాడుతూ నడిచాను. మా ఇంటి దగ్గరకు వచ్చేసరికి బాపు గడపలో నిలబడి నా పెదవులు చూస్తున్నాడు. లోపలికి పోయి మగ్గాల స్విచ్చు ఆపాడు. అది చూసి పక్కింటివాళ్లు ఆపారు, ఎదురింటివాళ్లు ఆపారు. కాసేపటికి వీధి వీధంతా ఆగిపోయింది. అప్పుడు నా పాట నాకు వినబడింది, నా పక్కన ఏడుస్తున్నవాళ్ల గొంతులూ వినబడ్డాయి.

బాపు వచ్చి నాతోపాటు నడిచాడు. నాలుగిళ్లు దాటాక నా వీపు మీద, సరిగ్గా అదే చోట, చెయ్యి పడింది. ఈసారి తుడుచుకోలేదు. సమాధుల తోట గేటు దాకా తీయలేదు. అక్కడ, ఎప్పుడూ అరిచే మాట్లాడే మా బాపు, మెల్లగా అన్నాడు.

"ఇనబడుతంది బిడ్డా."

ఆ రోజు నేను కట్టుకున్న తెల్ల చీర మీద ఆ నూనె చెయ్యి వేళ్లతో సహా అలాగే ఉంది. ఉతికితే పోలేదు, పోవాలని నేనూ గట్టిగా రుద్దలేదు. ఎక్కడ పాడమన్నా ఇప్పటికీ ఆ చీరే కడతాను. వీపు మీద మరక ఉందని ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. తెలుసంటాను.